ఐదింటికి మెట్ల దగ్గర

టపా గుమాస్తా తేదీ ముద్రలోని చిన్న చక్రాన్ని గోటితో ఒక అంకె ముందుకు తిప్పి, సిరా దిండు మీద అద్ది, పాత కవరు మీద ఒకసారి కొట్టి చూసుకుంది. ఇవాళ్టి తేదీ సరిగ్గానే పడింది. పడకపోతే బాగుండుననిపించింది ఆమెకు. కింది అంతస్తులో రికార్డు గది చూసే ఆయనకు బదిలీ అయింది. సాయంత్రం ఐదింటికి విడుదల, ఆరు కాకముందే రైలు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి. బొటనవేలికి ఎప్పుడూ ఊదా సిరా మరక, ముక్కు మీంచి జారిపోయే కళ్ళద్దాలు. తమ్ముడింట్లో ఉంటుంది. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసంతా అంటుంది. ఆమెకున్న వ్యసనమల్లా నవలలు, అవీ ఆఫీసుల్లో నడిచే ప్రేమకథలు. వాటిలో నాయకుడు మాట్లాడబోయి గుటకలు మింగుతాడు, నాయిక కాగితాలు కింద పడేసుకుంటుంది.

"ఇవేం పుస్తకాలు వదినా, మొదటి పేజీలోనే తెలిసిపోతుందిగా ఇద్దరికీ కుదురుతుందని!" అని నవ్వుతుంది తమ్ముడి భార్య.

తెలుస్తుంది కాబట్టే కదా చదవడం! నోరు పెగలని మనుషుల కోసం కూడా ఎవరో ఒకరు ఓపిగ్గా ఆగుతారని ఇంకే పుస్తకం చెబుతుంది?

ఆరేళ్ళ కిందట రికార్డు గది నుంచి వచ్చిన పాత ఫైళ్ళలో అలాంటి నవల ఒకటి పొరపాటున వచ్చింది. ఆమె చదివి, ఫైలు అట్టలో పెట్టి, టపా పుస్తకంలో ఎక్కించి మరీ వెనక్కి పంపింది. ఆయన సంతకం పెట్టి తీసుకుని, వారం తిరక్కుండా మరొకటి పంపాడు. అప్పట్నించీ అటూ ఇటూ ఎన్ని నవలలు నడిచాయో! నోటితో అనుకున్నది మాత్రం "అందిందండీ" అన్న ఒక్క ముక్కే.

ఇవాళ తెగించింది. నవల మధ్యలో చీటీ పెట్టింది: "ఐదింటికి మెట్ల దగ్గర ఆగుతారా? మీతో మాట్లాడాలి." ఎర్ర అట్టలో పెట్టి, తాడు ముడేసి, పదకొండింటికి పంపేసింది.

పదకొండున్నరకి గుర్తొచ్చింది. బదిలీ అయినవాళ్ళకు చివరి రోజున ఫైళ్ళు ఇవ్వరు. వాళ్ళ పేరున వచ్చినవన్నీ సూపరింటెండెంటు బల్ల మీదికి పోతాయి. ఆ ఉత్తర్వు మీద నిన్న ముద్ర కొట్టింది తనే! తలెత్తి చూసింది. ఎర్ర అట్ట అక్కడే ఉంది, దొంతరలో అట్టడుగున.

సూపరింటెండెంటుది పెద్ద నోరు. ఏ కాగితాన్నయినా సెక్షనంతా వినేలా చదివితే గానీ సంతకం పెట్టడు. ఆ చీటీ కూడా అలాగే చదువుతాడు. తలుచుకుంటేనే ఆమెకు చెవులు వేడెక్కాయి.

ఒంటిగంటకు ధైర్యం కూడదీసుకుని వెళ్ళింది.

"ఏంటమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు.

"పిన్నులు... పిన్నులున్నాయాండీ?"

తన బల్ల మీద డబ్బాడు పిన్నులున్నాయి. ఇంకో గుప్పెడు తెచ్చుకుంది. మూడింటికి మళ్ళీ లేచింది, గడియారం చూసి కూర్చుంది. అన్నం డబ్బా మూత తియ్యలేదు. కిందికి వెళ్ళి ఆయనకే చెప్పేద్దామా? ఈలోగా ఇక్కడ అట్ట విప్పేస్తే? ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. దొంతర తరుగుతోంది. ఐదు దాటింది. ఇంకా మూడు ఫైళ్ళు. ఇంకా రెండు.

సూపరింటెండెంటు ఎర్ర అట్ట తాడు లాగాడు.

"విప్పకండి!"

ఆ గొంతు ఎవరిదా అని ఆమే ఉలిక్కిపడింది. సెక్షనంతా తలలెత్తింది.

"ఏమైందమ్మా?"

"అది ఫైలు కాదండీ. నవల. నాది. రికార్డు గది ఆయనకి పంపాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది. సూపరింటెండెంటు తాడు మళ్ళీ ముడేసి, అట్ట ఆమె చేతిలో పెట్టాడు.

"దీనికా పిన్నులూ గిన్నులూ అంటూ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చావు? అప్పుడే అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి కదా తల్లీ!"

ఐదూ ఇరవై. ఆమె పరుగెత్తింది. మెట్ల మలుపులో అటెండరు కిటికీ రెక్కలు మూస్తున్నాడు.

"ఆయనా? ఇప్పుడే ఆటో ఎక్కించానమ్మా. ఐదు కాకముందు నుంచీ ఇక్కడే నిలబడ్డారు. పైకెళ్ళి మిమ్మల్ని పిలవనా అంటే, వద్దులే, పనిలో ఉన్నారేమో అన్నారు."

చీటీ చూడకుండానే ఆగాడు! ఆమెకు ఏడుపొచ్చింది. అటెండరు ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చింది. పాపం, అతను చీపురు తీసుకుని మెల్లగా కిందికి దిగిపోయాడు.

కిటికీ గట్టు మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీది. రెండోదాని మీద మడిచిన తెల్లకాగితం మూతగా పెట్టి ఉంది. తీసి చూస్తే టీ అంచుదాకా ఉంది, పైన మీగడ కట్టింది.