పగులు మీద పట్టీ

మా బావ పెట్టిన షరతు ఒక్కటే. క్వారీ గోడలో పగులుకు అడ్డంగా తను అంటించిన ప్లాస్టర్ పట్టీ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అక్క తన పని చేసుకోవచ్చు. పట్టీ చిట్లిందంటే గోడ కదులుతున్నట్టే. ఆ క్షణమే అందరూ బయటికి రావాలి, గోడ అడుగున అక్క తవ్వుతున్న సొరంగం మూసెయ్యాలి. బావ ఆ క్వారీలో భద్రత చూసే ఇంజనీరు. పెళ్లాం కదా అని ఇసుమంత కూడా సడలించలేదు. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొచ్చి, పట్టీని పైనుంచి కిందిదాకా చూసి, "ఊఁ, కానివ్వండి" అనేవాడు.

అక్క శిలాజాలు వెతికే శాస్త్రవేత్త. క్వారీ జనం ఎముకలమ్మ అనేవాళ్లు. నాలుగంతస్తుల ఎత్తున్న ఆ గోడ అడుగున జానెడు మందాన నల్లటి బంకమట్టి పొర ఉంది. ఆమెకు కావలసినదంతా ఆ పొరలోనే. దాన్ని పట్టుకుని తవ్వుకుంటూ పోయి, మనిషి వంగి దూరేంత సొరంగం చేసింది. ఆ మట్టిని నానబెట్టి, సన్నజల్లెళ్లలో కడిగి, మిగిలినదాంట్లో ఆవగింజంత పళ్లు ఏరడం నా పని. చూసి చూసి కళ్లు లాగేసేవి. కానీ నాకు ఆ పని ఇప్పించింది అక్కే, నోరెత్తితే చెల్లదు.

వేలిగోరంత దవడముక్క ఒకటి మునుపే దొరికింది. కోట్ల ఏళ్ల నాటిది. కోతులూ మనుషులూ పుట్టుకొచ్చిన వంశం మొదట్లో ఇలా ఉండేదని అక్క రాసింది. ఆ శాస్త్రంలో పెద్దలు ఒప్పుకోలేదు. ఉత్త పళ్లు చూసి అంతమాట అనలేమన్నారు, కోతుల్లా చెట్ల మీద తిరిగే లీమర్లనే జంతువులకు చుట్టమేమో అన్నారు. "కన్ను చూపించమ్మా, నమ్ముతాం" అన్నాడట సభలో ఒకాయన. అందరూ నవ్వారట. లీమర్లకు కంటి చుట్టూ ఎముక ఉంగరంలా ఉంటుంది, వెనక ఖాళీ. కోతులకూ మనకూ అలా కాదు, కంటి వెనక కూడా ఎముక అడ్డం ఉంటుంది, గిన్నెలో పెట్టినట్టు. ఆ అడ్డం ముక్క ఒక్కటి దొరికితే ఎవరూ నోరు మెదపలేరు. ఆ నవ్వు మాత్రం అక్క చెవుల్లోంచి పోలేదు. భోజనం ముందు కూర్చుని కూడా పళ్లు కొరుకుతూ ఉండేది.

చివరికి సొరంగం కొసన ఆ ముక్క అంచు బయటపడింది. వంపు తిరిగి, గుడ్డుపెంకంత పలచగా ఉంది. చుట్టూ ఉన్న మట్టిని సూదితో గీకుతూ పోవాలి. తొందరపడితే పొడే మిగులుతుంది.

నాకు భయం పట్టుకున్నది కూడా అప్పుడే. లోపల ఆసరాకు నిలబెట్టిన కర్రల్లో ఒకటి, అంతకుముందు చేత్తో ఊపితే ఊగేది. ఇప్పుడు గుద్దినా కదలడం లేదు. పైనున్న బరువంతా దాని నెత్తిన దిగినట్టుంది. నా జుట్టులోకి సన్నటి పొడి రాలుతోంది. అక్కతో చెప్పాను.

"తేమకు కర్ర ఉబ్బిందే. నీకు ప్రతిదానికీ కంగారే" అంది.

మర్నాడు మాత్రం, "నువ్వింక లోపలికి రాకు, జల్లెళ్లు చూసుకో" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క నా చేతికొస్తే పేరు పంచుకోవాల్సొస్తుందని కాబోలు అనుకున్నాను. మొహం ముడుచుకుని, ఆమెతో మాటలు తగ్గించేశాను.

ఆ మధ్యాహ్నం అక్క, ముక్కకు కట్టు కట్టి మట్టితో సహా తియ్యాలని, ప్లాస్టర్ కలపడానికి షెడ్డుకి వెళ్లింది. నేను జల్లెళ్ల దగ్గర్నుంచి మట్టికోసం బకెట్ తెచ్చి దింపి, నడుం పట్టేస్తే గోడకు చెయ్యి ఆనించాను. చెయ్యి పట్టీ మీద పడింది. ఎండకు పట్టీ పైనా కిందా కాలుతోంది. నడుమ మాత్రం చల్లగా ఉంది. నెలల నాటి ప్లాస్టర్‌కు తడెక్కడిది? గోరుతో గీకాను. మెత్తగా లేచొచ్చింది. దాని కింద పగులు, నా వేలు దూరేంత. కొత్త ప్లాస్టర్ అంచుల్ని తడి కుంచెతో ఈడ్చి పాతదాంట్లో కలిపేశారు. ఎముకల్ని అలా అతికేది ఈ క్వారీలో ఒక్కతే. ఆమె అతికితే బ్రహ్మదేవుడికి కూడా అతుకు కనబడదు.

అక్క ప్లాస్టర్ బేసిన్‌తో వచ్చింది. నా వేలు ఎక్కడుందో చూసింది.

"ఎప్పుడు పగిలింది?" అన్నాను.

"అరవకు. ఇంకొక్క పూటే. ముక్క బయటికి రాగానే ఆయనకి నేనే చెప్పేదాన్ని. అందుకే కదా నిన్ను లోపలికి రావద్దన్నాను. పోతే నేనొక్కదాన్నే పోతాను."

అప్పుడు సొరంగం లోపల్నుంచి సుత్తి చప్పుడు వినబడింది. ఆ వెనకే బావ గొంతు.

"వచ్చావా? నీకో కొత్త కర్ర నిలబెడుతున్నా! వంగీ వంగీ నడుం విరగ్గొట్టుకుంటున్నావుగా!"

బేసిన్ అక్క చేతిలోంచి జారిపోయింది.

"ఏమండీ, బయటికి రండి! పట్టీ పగిలింది!"

"ఇప్పుడే చూసొచ్చానే. గీత కూడా లేదు."

"నేను అతికించానండీ! పగిలితే నేనే అతికించాను! మీ కాళ్లు పట్టుకుంటా, వచ్చెయ్యండి!"

బావ పకపకా నవ్వాడు. "నీ బంగారాన్ని ముట్టుకోనులే! నన్ను తరమడానికి ఇన్ని అబద్ధాలెందుకు? రెండు దెబ్బలు వేసి వచ్చేస్తా."

"బావా, నిజం! నేను చూశాను!" అని నేనూ అరిచాను. సుత్తి దెబ్బలో నా మాట కలిసిపోయింది. రెండోది కొట్టాడో లేదో తెలియదు. గోడ మొత్తం ఒక్కసారిగా కిందికి కూర్చుంది. అక్క రెక్క పట్టుకుని ఎలా లాక్కుపోయానో నాకు గుర్తులేదు.

యంత్రాలొచ్చాయి, మనుషులొచ్చారు. బావని బయటికి తీసేసరికి ఎవరూ చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆయన మీద దుప్పటి కప్పారు. అక్క పక్కనే మట్టిలో కూర్చుంది. చేతుల్తో రాళ్లు తవ్వీ తవ్వీ గోళ్లు ఊడి వేళ్లు నెత్తురోడుతున్నాయి. ఆమె చెంప పగలగొట్టాలనీ, ఆమెని గుండెకు అదుముకోవాలనీ ఒకేసారి అనిపించి రెండూ చెయ్యలేకపోయాను.

"నీకు తెలిసిపోయింది కదే," అంది నావైపు చూడకుండా. "రోజూ చూసే మనిషి. ఆయనకెందుకు కనబడలేదు?"

"ఆయన పగులు కోసం చూశాడక్కా," అన్నాను. "నీ అతుకు కోసం చూడాలని ఆయనకి తోచలేదు."