ఓడకి కనబడే పడవ

ఏలూరులో లారీలకి టార్పాలిన్లు కుట్టే హుమా దగ్గరికి ఒకరోజు చిరిగిన తెరచాప వచ్చింది. తెచ్చినాయన హేమంత్‌కుమార్, కైకలూరులో చేపల చెరువులున్న రైతు. పెళ్లి చేసుకోలేదు. విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే ఒక ఫైబర్ తెరచాప పడవ కొని, లారీ మీద తెచ్చుకుని, సాయంత్రాలు కొల్లేట్లో తిరిగేవాడు. సముద్రం దాకా పోవాలని ఉండేది గాని, కొల్లేటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు మొదట్లోనే వెనక్కి తిప్పేసేవాడు.

హుమా తెరచాప కుట్టిచ్చి, పొగమంచు రోజుల్లో తనని ఓడల దారి దాకా తీసుకెళ్లమని అడిగింది.

చలికాలం మంచు పట్టినప్పుడు కొల్లేటి మీదుగా ఓడలు వెళ్తాయి. పెద్ద సరుకు ఓడలు. నడుముల్లోతు నీళ్లలోనే ఆగకుండా వెళ్లిపోతాయి. లంక ఊళ్ల వాళ్లు ఆ పొద్దుట వలలు తీసేసుకుని, పడవలు గట్టుకి కట్టుకుంటారు. ఓడ దాటాక మళ్లీ వేటకి పోతారు.

కొన్నేళ్ల కిందట అలాంటి ఓడ ఒకటి ఇంజన్ చెడి ఆగిపోయింది. మెకానిక్ కావాలని మైకులో అడిగితే, ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే నవాజ్, హుమా భర్త, పనిముట్ల సంచీతో ఎక్కాడు. ఇంజన్ బాగైంది, ఓడ కదిలిపోయింది, అతను దిగలేకపోయాడు. ఏటా ఆ ఓడ వస్తుంది. అతను పైనుంచి చెయ్యి ఊపుతాడు, హుమా గట్టు మీంచి ఊపుతుంది.

"ఎందుకు ఆగదంటారండీ?" అని అడిగింది హుమా.

"మంచులో వాళ్లు రాడార్‌నే నమ్ముకుంటారండీ. చెక్క, ఫైబర్, గుడ్డ అందులో సరిగా కనబడవు. అందులో కనబడకపోతే వాళ్ల లెక్కకి ఇక్కడ మనుషులు లేనట్టే," అన్నాడు హేమంత్‌కుమార్.

రాడార్ కిరణాన్ని వచ్చిన దారినే తిప్పి పంపే రిఫ్లెక్టర్ కడితే కనబడతామని కూడా చెప్పాడు. ముందు సన్నటి గొట్టంలాంటిది తెప్పించాడు. తేలిగ్గా ఉంది. పడవ ఒరిగితే మాత్రం అది పనిచేయదట. గాలి లేనిదే కదలని పడవ, గాలి వస్తే ఒరగక మానదు. దాన్ని పక్కన పెట్టేశారు.

హుమా తమ్ముడు జమీర్‌ది అల్యూమినియం కిటికీల షాపు. అతను మూడు రేకుల్ని ఒకదానికొకటి అడ్డంగా దూర్చి, మూలమట్టం పెట్టి బిగించాడు. మూల తప్పితే కిరణం ఎటో పోతుందని హేమంత్‌కుమార్ పక్కనే కూర్చున్నాడు. పెద్దదైతే బాగా కనబడుతుంది, మరీ పెద్దదైతే పడవ తూలుతుంది. చివరికి బిందె అంత చేశారు. తెరచాప కట్టే కొయ్య చిటారున కాకుండా కాస్త కిందగా, తెరచాపకి తగలకుండా కట్టారు. మొదట మొన పైకి పెట్టి, అది తప్పని తెలిసి దించారు. వాన నీళ్లు పట్టే దోసిలిలా ఒక గుంట ఆకాశం వైపు ఉండేలా తిప్పి, బోల్టులు బిగించారు.

మంచు పట్టిన పొద్దుట ఇద్దరూ వెళ్లారు. ఇంజన్ చప్పుడు దగ్గరైంది. నల్లటి గోడలా ఓడ పైకి వచ్చింది. హారన్ మోగింది, చప్పుడు తగ్గింది. ఓడ ఆగి, తాడు నిచ్చెన దించింది.

"బాగున్నావా?" అన్నాడు నవాజ్ పైనుంచి.

"దిగండి," అంది హుమా.

అతను వెనక్కి చూశాడు. తను దిగితే ఇంజన్ దగ్గర ఎవరూ ఉండరని, ఓడలో ఇంతమందిని అలా వదిలి రాలేనని నెమ్మదిగా చెప్పాడు. హుమాకి కోపం రాలేదు. ఫ్యాక్టరీలో కూడా తర్వాతి డ్యూటీ మనిషి వచ్చేదాకా అతను కదిలేవాడు కాదు. ఆమె నిచ్చెన చివర పట్టుకుని అలాగే నిలబడింది.

హేమంత్‌కుమార్ ఓడ పక్కని చేత్తో తడిమాడు. ఉప్పు పేరుకుని ఉంది. చెరువుల దగ్గర ఇంజన్లన్నీ ఆయన తనే బాగుచేసుకునేవాడు.

"ఇది కూడా డీజిల్‌తోనే కదండీ నడిచేది?" అని అడిగాడు.

"అంతేనండీ. చప్పుడే ఎక్కువ," అన్నాడు నవాజ్.

హేమంత్‌కుమార్ చుక్కాని హుమాకి అప్పగించాడు. గట్టు వచ్చేదాకా గాలి ఎడమ చెంపకి తగిలేలా పట్టుకోమన్నాడు. చెరువుల సంగతి తన తమ్ముడు చూసుకుంటాడన్నాడు. చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు. పైన నవాజ్ తన సంచీ ఆయన భుజానికి తగిలించి, కిందికి దిగాడు.

ఓడ కదిలింది. హేమంత్‌కుమార్ రెయిలింగ్ దగ్గరే ఉన్నాడు గాని, వీళ్ల వైపు చూడలేదు. సముద్రం ఉన్న వైపు చూస్తున్నాడు.

చాలాసేపటికి నవాజ్ తలెత్తి రేకుల్ని చూశాడు.

"ఇంక దీంతో పనేముంది? దించెయ్యనా?"

"ఉండనివ్వండి," అంది హుమా. "ఆయన దిగాలనుకున్న రోజున ఓడ ఆగాలి కదా."