నెర్గిస్ ఎర్ర రిబ్బను

కొత్త టీచరమ్మ గుల్చిన్ బడిలో అడుగుపెట్టిన రోజు నుంచీ సెవిలాయ్‌కి కడుపుమంటే. మండదూ మరి? సెప్టెంబరు నుంచి ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచి, అక్షరాలు దిద్దించి, తుర్కియే తూర్పు కొసనున్న ఈ కార్స్ ఊరి చలిలో పొద్దున్నే పొయ్యి రాజేసి గది వెచ్చబెట్టింది తను. పరీక్షలో కాసిని మార్కులు తగ్గాయని సర్కారు ఉద్యోగం రాలేదు, గంటల లెక్కన పెట్టుకున్నారు. ఫిబ్రవరిలో రాజధాని అంకారాలోని సర్కారు వాళ్లు మార్కుల వరసన పోస్టులు పంచేసరికి, ఎక్కడో ఇజ్మీర్‌లో సముద్రపు గాలి పీలుస్తున్న ఈ మహాతల్లి వచ్చిపడింది. గంటల టీచరు ఇంటికి. అంతే! ఇక నాలుగో తరగతి దాకా వాళ్లు గుల్చిన్ పిల్లలే.

పోనీ, ఆ ఎర్ర రిబ్బన్లన్నా తన చేత్తో పెట్టేసి ఉండాల్సింది. చదవడం వచ్చిన పిల్లల గుండెమీద టీచరు రిబ్బను పెడుతుంది, తల్లులు చూసి కళ్లు తుడుచుకుంటారు. జనవరికే అందరికీ చదవడం వచ్చేసింది, ఒక్క నెర్గిస్‌కి తప్ప. "దాన్నొక్కదాన్నీ ఏడిపించనా? అందరికీ ఒకేసారి పెడతా" అని ఆగింది. ఆగి ఏం బావుకుంది?

ఆ వేడుక ఇప్పుడు గుల్చిన్ చేస్తోంది. హెడ్మాస్టరు జెవ్‌దెత్ గారు ఫోన్ చేసి మరీ పిలిచాడు. వెళ్లకపోతే కుళ్లుకుందంటారు, వెళ్తే కూర్చుని కుళ్లుకోవాలి. వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది.

"ఏమ్మా, చిక్కిపోయావేంటి?" అంది నెర్గిస్ అమ్మమ్మ, టీ గ్లాసు చేతికిస్తూ. "కొత్తమ్మాయి బంగారంలే. మా పిల్ల ఇంట్లో అస్తమానం ఆవిడ జపమే!"

"సంతోషం అవ్వా," అంది సెవిలాయ్. టీ గ్లాసు తాగకుండానే బెంచీ మీద పెట్టేసింది.

ఒక్కొక్కరే చదివి రిబ్బను పెట్టించుకున్నారు. చివరికి నెర్గిస్ లేచింది. యా అల్లా, దానికి రాకుండా చూడు, నావల్ల కానిది ఈ గుల్చిన్ వల్ల కాకూడదు అని మొక్కుకుంది సెవిలాయ్. ఛీ, ఆరేళ్ల పిల్ల మీద! అయినా మొక్కుకుంది.

నెర్గిస్ రెండు వాక్యాలు చదివి, ఓ పొడుగు మాట దగ్గర ఆగిపోయింది. తలెత్తి, అంతమందినీ దాటి సెవిలాయ్ వంక చూసింది. ఎప్పుడు అలా చూసినా సెవిలాయ్ 'ఊఁ, కానీ' అన్నట్టు తలాడించేది. ఇవాళ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

గుల్చిన్ మాట అందించకుండా ఊరికే నిలబడింది. పిల్ల కూడబలుక్కుని ఆ మాట చదివేసింది. ఆ వెంటే పేజీ మొత్తం చదివేసింది. చప్పట్లే చప్పట్లు.

గుల్చిన్ ఆఖరి రిబ్బను పట్టుకుని నేరుగా వెనక్కొచ్చింది. "అక్షరాలు నేర్పింది మీరు, సెవిలాయ్ టీచర్. ఈ పాపకి మీరే పెట్టాలి. అందుకే మిమ్మల్ని పిలవమని హెడ్మాస్టరు గారికి చెప్పాను."

సెవిలాయ్ రిబ్బను తీసుకుని వంగింది. నెర్గిస్ ఓ అడుగు వెనక్కేసి, గుండెకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"మీరొద్దు టీచర్. మీరు మొహం తిప్పేసుకున్నారు."