రెక్క ఉందా, లేదా

పొగమంచు ఇంకా విడవకముందే మా అక్క ఆర్డిస్, నాన్న పడవెక్కి, సరిగ్గా నాన్న కూర్చునే చోటే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఆ చోటు ఎవరిదో తేల్చుకోవడానికే కదా ఇవాళ సముద్రం మీదికి పోతున్నది!

"లే అక్కా. నువ్వింకా గెలవలేదు."

"గెలిచాక లేవమన్నా లేవను. ముందుగా అలవాటు చేసుకుంటున్నా, నీకేంట్రా నొప్పి?"

నాన్న చలికాలంలో పోయాడు. పడవ ఎవరికో చెప్పకుండా పోయాడు. ఈ రేవులో ఉండేది నేను కాబట్టి నాకే రావాలని నా వాదన. ఆర్డిస్ ఉండేది కొండలకు అవతల, సముద్రం వాసన కూడా తగలని స్పోకేన్‌లో. అయినా పెద్దదాన్ని కాబట్టి తనకే రావాలంటుంది. వసంతమంతా ఫోన్లో గొంతులు పోయేలా అరుచుకున్నాం. చివరికి నాన్న స్నేహితుడు హాల్వర్ బాబాయ్ విసిగిపోయి తీర్పు చెప్పాడు. కోహో రకం సాల్మన్ చేపలు వచ్చే రోజుల్లో ముగ్గురం వెళ్దాం, ఇంటికి తెచ్చుకోదగ్గ చేప ముందు ఎవరి గాలానికి పడితే పడవ వాళ్ళది, మళ్ళీ నోరెత్తకూడదు అని.

తెచ్చుకోదగ్గది అంటే మా జలసంధిలో ఒకటే లెక్క. హేచరీలో గుడ్లు పొదిగించి, పెంచి వదిలే సాల్మన్‌కి పిల్లప్పుడే వీపు మీద, తోకకు కాస్త ముందుండే గోరంత రెక్కను కత్తిరించేస్తారు. ఆ రెక్క లేకపోతే చేప మనది. ఉంటే అది ఏటిలో తనంతట పుట్టి పెరిగినది. దాన్ని పడవలోకి ఎత్తనైనా ఎత్తకూడదు, నీళ్ళలో ఉండగానే గాలం తప్పించి వదిలెయ్యాలి.

బాబాయ్ చిన్న ఇంజను మీద పడవను మెల్లగా నడుపుతున్నాడు. చేప దగ్గరకొస్తే వల పట్టేదీ, వదిలేదీ ఆయనే. మేమిద్దరం చెరో పక్కా హెర్రింగ్ చేపల్ని ఎరలుగా గుచ్చి గాలాలు దింపి కూర్చున్నాం. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. ఆర్డిస్ నోరు మాత్రం ఊరుకోలేదు.

"దీనికి పచ్చరంగు వేయిస్తా. గొడుగు కూడా పెట్టిస్తా."

"నాన్న పడవకి గొడుగా? అంతకంటే చక్రాలు పెట్టించి ఐస్‌క్రీమ్ అమ్ముకో!"

"నా పడవ, నా ఇష్టం."

ఆ మాట పూర్తవుతూనే ఆమె గాలపు గెడ సాంతం వంగింది. తీగ చుట్ట గిర్రున తిరిగిపోయింది. ఆర్డిస్ "పడింది, పడింది!" అంటూ లేచి, చేపను లాగుతూ, వదులుతూ, మళ్ళీ లాగుతూ పడవ పక్కకు తెచ్చింది. అప్పుడే మంచు చీలి ఎండ నీళ్ళ మీద పడింది. చేప తోక కొట్టిన దెబ్బకు బాబాయ్ మొహమంతా తడిసింది.

"కళ్ళద్దాల నిండా నీళ్ళే, కనపడి చావట్లేదు. రెక్క ఉందా, లేదా? తొందరగా చెప్పండి!"

నేను అక్క భుజం మీంచి తొంగిచూశాను. తోక దగ్గర వీపు నున్నగా ఉంది. రెక్క లేదు. పడవ పోయింది అనుకున్నాను.

"ఉంది," అంది ఆర్డిస్.

బాబాయ్ పొడుగు కొక్కెంతో గాలాన్ని ఒక్క తిప్పు తిప్పాడు. చేప మాయమైంది.

నాకేమీ అర్థం కాలేదు. నేను చూసింది తప్పా? ఎండలో కళ్ళు మోసం చేశాయా? ఆమె మాత్రం అంత దగ్గర్నుంచి చూసి ఎలా పొరబడుతుంది? నా మీద జాలిపడిందేమోనని అనుమానం వచ్చి కోపమొచ్చింది. ఎవడిక్కావాలి ఈవిడ జాలి! పడవే అక్కర్లేదంటే మరి ఆ పచ్చరంగేమిటి, ఆ గొడుగేమిటి? సంతోషించాల్సిన వాణ్ణి, ఎరను గాలానికి తలకిందులుగా గుచ్చి, తీసి, మళ్ళీ అలాగే గుచ్చాను.

బాబాయ్ వెనక్కి తిరిగి ఇంజను దగ్గర కూర్చున్నాక ఆమె పక్కకు జరిగాను.

"అక్కా, నేను చూశాను. రెక్క లేదు."

"తెలుసు."

"తెలిసీ వదిలేయించావా? పిచ్చా నీకు?"

ఆమె గాలం తీగ వైపే చూస్తూ, ఇంజను చప్పుడులో వినీ వినపడనట్టు అంది. "నాన్న పోయాక నువ్వు నాకు ఫోన్ చేసిందల్లా ఈ పడవ కోసమేరా. ఇది తేలిపోతే ఇంక దేనికి చేస్తావు?"

ఎందుకు చెయ్యనని గదమాయించబోయాను. దేనికి చేస్తాను? ఆమె పుట్టినరోజుకు నాన్న చేసి, ఫోన్ నా చేతిలో పెట్టేవాడు. క్రిస్మస్‌కూ అంతే. నా అంతట నేను ఎప్పుడు చేశానో ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. తిట్టడానికి తప్ప మా అక్కతో మాట్లాడటం నాకు చేతకాదు. ఆ సంగతి నడి సముద్రంలో తెలిసేసరికి భయం వేసింది.

ఇంతలో నా గెడ వంగింది.

ఎలా లాగానో తెలీదు, చేప దానంతటదే వచ్చినట్టు పడవ పక్కకు వచ్చేసింది. బాబాయ్ కళ్ళద్దాలు శుభ్రంగా తుడుచుకుని వచ్చి, వల పట్టుకుని వంగాడు. చేప వెల్లకిలా తిరిగి, మళ్ళీ బోర్లాపడి, అద్దంలాంటి నీళ్ళలో అలా నిలబడిపోయింది. రెక్క లేదు. పసిపిల్లలకు కూడా కనపడుతుంది లేదని.

"ఉంది బాబాయ్. వదిలెయ్," అన్నాను.

"ఎక్కడ్రా?"

"అదిగో, అక్కడే. ఉంది."

బాబాయ్ చేపను చూశాడు, నన్ను చూశాడు. ఆర్డిస్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. ఉందా?"

"ఉంది," అంది ఆర్డిస్.

ఆయన వల కింద పెట్టి మా ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరూ ఒక మాట మీద నిలబడటం మీరు పుట్టాక ఇదే మొదటిసారి," అన్నాడు. "ఉందంటే ఉన్నట్టే."

కొక్కెం ఒక్క తిప్పు తిప్పాడు. చేతికొచ్చిన పడవ ఆ చేపతోపాటే నీళ్ళపాలైంది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"ఇంతకీ పడవ ఎవరిదర్రా?" అన్నాడు బాబాయ్.

"ఇంకా తెలీదు," అన్నాను. "ఫోన్ చేసి మాట్లాడుకోవాలి."

ఆర్డిస్ నా వైపు తిరగలేదు. నేనూ ఆమె వైపు తిరగలేదు. తిరిగితే ఏడ్చేసేవాణ్ణి.