నీకు మాత్రమే చెప్పిన మాట

ఎవరైనా పిలిస్తే నెహెమ్యా "వస్తున్నా" అని బదులు పలికేవాడు కాదు. లేచి వచ్చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో పుష్పవతికి ఇది వింతగా ఉండేది. వంటింట్లోంచి పిలిచి, జవాబు రాకపోయేసరికి వినపడలేదేమో అనుకుని మళ్ళీ పిలవబోయేలోపే, సగం గీసిన గడ్డంతోనో, ఒక కాలికే చెప్పుతోనో గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

అతనికి పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో సరుకు దింపించే పని. ఆమె అదే ద్వీపంలో ఫెరార్‌గంజ్ అనే ఊరి పిల్ల. మెయిన్‌లాండ్ వెళ్ళి డిజైన్ చదువుకుని వచ్చింది. డాలీగంజ్‌లో ఒక రేకుల వరండా ఉన్న అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. ఆ మొదటి వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. వరండాలో కూర్చుని, ఎందుకలా పలకకుండా వచ్చేస్తారని ఆమె నవ్వుతూ అడిగింది. అతను నవ్వలేదు. రేకుల మీద వాన తగ్గేదాకా ఆగి చెప్పాడు.

సునామీ నాటికి అతను, అక్కణ్ణుంచి ఓడలో వెళ్ళాల్సిన మరో ద్వీపంలో, హట్‌బే అనే ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లవాడు. తండ్రి యేసు కుమార్‌కి రేవు దగ్గర కిరాణా కొట్టుండేది. పండగ సరుకు కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చిన ఆయన, ఓడలో టికెట్ దొరక్క అక్కడే చిక్కుబడిపోయాడు. క్రిస్మస్ మర్నాడు ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. జనమంతా బయటికి పరిగెత్తి, ఊగడం ఆగాక మళ్ళీ ఎవరిళ్ళల్లోకి వాళ్ళు వెళ్ళారు. నెహెమ్యా తల్లి అబిగేలు మాత్రం ఇంకా వణుకుతూ మెట్టు మీద కూలబడింది. "ఇలా రా నాన్నా, నా పక్కన కాసేపు కూకో" అని పిలిచింది. కొండ మీది రోడ్డు రెండుగా చీలిందని స్నేహితులు చూడ్డానికి పోతున్నారు. "వస్తన్నానమ్మా" అని కేకేసి, వాళ్ళ వెనక కొండెక్కేశాడు. పైనుంచి చూస్తుండగానే సముద్రం ఊళ్ళోకి వచ్చింది. అబిగేలు దొరకలేదు.

చెప్పడం అయిపోయాక కరెంటు వచ్చింది. లేచి వెళ్ళి ముఖం కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు. రానక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

కొన్నేళ్ళకు సముద్రం అడుగునుంచి కేబుల్ పడి, ద్వీపాల్లో ఇంటర్నెట్ సరిగ్గా రావడం మొదలైంది. పుష్పవతి ఇంట్లో కూర్చునే బెంగుళూరు కంపెనీ ఒకదానికి పని చేయసాగింది. స్నేహితులు ఫోటోలు పంచుకుని కబుర్లు చెప్పుకునే యాప్ వాళ్ళది. ఆమె బృందానికి పెద్ద భానుప్రకాష్ అనే విజయనగరం మనిషి. మొగుడూ పెళ్ళాలు చెరో మూల కూర్చుని మన యాప్ చూసుకుంటున్నారు, ఆ పాపం మనదే కాబట్టి వాళ్ళని ఒక చోటికి చేర్చేది కూడా మనమే తయారు చేద్దాం అన్నాడతను.

ఒకరు ప్రశ్నల ఆట అన్నారు. ఇంకొకరు రోజూ కలిసి కూర్చుంటే పాయింట్లు ఇద్దామన్నారు. హోటల్ కూపన్లన్నారు. పుష్పవతికి ఇవేవీ నచ్చలేదు. కలిసి ఏం చెయ్యాలో తెలియక కాదు జనం విడివిడిగా ఉంటున్నది. ఒకరు పిలిస్తే రెండోవాళ్ళు "ఒక్క నిమిషం" అంటారు, ఆ నిమిషం అవదు. అందుకని ఆమె ఒక పిలుపును తయారు చేసింది. ఒకరు దాన్ని నొక్కితే రెండోవాళ్ళ ఫోన్ మసకబారుతుంది. జవాబు రాయడానికి చోటుండదు, బొమ్మ పంపడానికి వీలుండదు. లేచి వెళ్ళి రెండు ఫోన్లూ పక్కపక్కన పెడితే రెండూ నిద్రపోతాయి. అంతే. దానికి బులావా అని, హిందీలో పిలుపు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టింది.

మొదటిసారి దాన్ని ఇంట్లోనే వాడి చూసింది. నెహెమ్యా హాల్లోంచి లేచి వచ్చి, ఆమె ఫోన్ పక్కన తన ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టాడు. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి, దారిలో పకోడీలు కొనుక్కుని తింటూ తిరిగొచ్చారు. "బాగుంది, సీదాగా ఉంది" అన్నాడు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అతను గ్రహించాడో లేదో ఆమె అడగలేదు.

కంపెనీ మీటింగులో మాత్రం చిక్కు వచ్చింది. జవాబు లేకపోతే ఎలా, కనీసం "వస్తున్నా" అనే బటన్ ఒకటైనా ఉండాలి కదా అన్నారు అందరూ. ఆ బటన్ పెడితే పిలుపు చచ్చిపోతుందని ఆమె వాదించింది. జవాబు బటన్ ఉన్నవే జనం ఎక్కువ వాడతారని వాళ్ళు లెక్కలు చూపించారు. భానుప్రకాష్ కూడా అటే మొగ్గుతున్నట్టు కనిపించాడు. చేతిలోంచి జారిపోతోందనిపించి పుష్పవతి, "నాకు తెలిసిన ఒకబ్బాయి కథ చెప్తాను" అంది.

చెప్పింది. మెట్టు, వణుకుతున్న తల్లి, చీలిన రోడ్డు, ఆ కేక, అన్నీ చెప్పింది. తెర మీద ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ పూటే బులావా ఖాయమైపోయింది.

ఆ క్షణంలో తను గెలిచినట్టు పొంగిపోయిందని పుష్పవతి తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది. వాళ్ళను ఒప్పించడానికి ఇంకా దారులున్నాయి. నాలుగు జంటలచేత వాడించి చూపించవచ్చు. ఇంకో వారం గడువడగవచ్చు. పోనీ, ఆ సాయంత్రమే అతనికి చెప్పేయవచ్చు. పేరు చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకుంది.

బులావా జనంలోకి వెళ్ళే ముందు కంపెనీ ఒక చిన్న వీడియో చేయించింది. చేత్తో గీసిన బొమ్మలు: కొబ్బరిచెట్లు, మెట్టు మీద తల్లి, కొండెక్కుతున్న పిల్లవాడు. హిందీలో, తెలుగులో, ఇంకా నాలుగైదు భాషల్లో గొంతులు. ముందురోజు ఆమెకు చూపించారు. హట్‌బే పేరు తీసెయ్యమని అడిగింది, తీసేశారు. వీడియోనే వద్దని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ చివర్లో బులావా రూపకర్త అని తన పేరు పడుతోంది. బొమ్మలు కూడా నిజంగా బాగున్నాయి. ఊరుకుంది.

బులావా జనంలోకి వెళ్ళిన కొద్దిరోజులకు, ఒక ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. దేముడమ్మ అనే పెద్దావిడ మనవరాలి ఫోన్ పట్టుకుని నెహెమ్యా దగ్గరికొచ్చింది. ఆవిడదీ హట్‌బేనే; సునామీ తర్వాత సహాయ శిబిరంలో తల్లిలేని పిల్లాడికి అన్నం పెట్టిన మనిషి.

"ఒరే నెహెమ్యా, ఇది చూడు. మన అబిగేలు లాగే లేదూ?"

అతను నిలబడే మొదటినుంచి చివరిదాకా చూశాడు. పుష్పవతి పేరు పడేదాకా చూశాడు. ఫోన్ తిరిగిచ్చి, "ఎవరో అత్తా" అన్నాడు.

స్కూటర్ మీద వెనక కూర్చున్న పుష్పవతికి అతని వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చాక అతను వరండాలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అది నీకు చెప్పేను, పుష్పా."

పేరు ఎక్కడా లేదని ఆమె అంది. ఎంతోమంది భార్యాభర్తలు మళ్ళీ మాట్లాడుకుంటున్నామని రాస్తున్నారంది. అంటూండగానే, అది మీటింగులో మాట్లాడే తన గొంతని తనకే వినపడింది.

"మంచి జరిగితే జరగనీ, నేనేటి కాదన్ను" అన్నాడు. "మా నాన్నకే చెప్పలేదు నేనది. అమ్మ నన్ను పిలిచిందని ఆయనకి తెలీదు. తెలీకుండానే పోయేడు. నీకు చెప్పేను. బస్, నీకే."

ఆ మాట ఆమెకు అంతవరకు తెలియదు. తండ్రికి చెప్పి ఉంటాడని, పాస్టరుగారికి చెప్పి ఉంటాడని, తను విన్నది అందరూ విన్నదేనని అనుకుంది. క్షమించమని అడిగింది. సరేలే అన్నాడు. మనసులో పెట్టుకుని అన్నట్టు కూడా లేదు. భోజనం మామూలుగానే చేశాడు.

మరి కొన్నాళ్ళకు గ్యాస్ బండ మార్చాల్సి వచ్చి, పుష్పవతి వంటింట్లోంచి పిలిచింది.

"వస్తన్నా" అని గదిలోంచి వినిపించింది.

ఆమె చేతిలో పానా అలాగే ఉండిపోయింది. అతను కాసేపయ్యాక వచ్చాడు, బండ మార్చాడు, చేతులు కడుక్కున్నాడు. అందులో తప్పు పట్టడానికేముంది? లోకంలో మొగుళ్ళందరూ అలాగే అంటారు. అప్పట్నుంచి అతనూ అలాగే అనసాగాడు.

వీడియో తీసెయ్యమని ఆమె భానుప్రకాష్‌ని బతిమాలింది. అతను నిజంగానే బాధపడ్డాడు. తమ దగ్గరున్నది తీయించాడు కూడా. కానీ అప్పటికే అది ఫోన్లనుంచి ఫోన్లకు వెళ్ళిపోయింది. పెళ్ళిరోజు శుభాకాంక్షలకూ, ప్రసంగాల చివర్లోనూ వాడుకుంటున్నారు. పుష్పవతి ఆ ఉద్యోగం మానేసింది. నెహెమ్యాకి చెప్తే ఆశ్చర్యపోయాడు.

"ఎందుకు మానేసేవు? పని బాగానే చేసేవు గదా" అన్నాడు. వెటకారం కాదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

డిసెంబరు నెలాఖరున హట్‌బేలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన పెడతారు. ఏటా అతను ఒక్కడే వెళ్ళి వస్తాడు. ఈసారి నేనూ వస్తానంది. కాస్సేపు ఆలోచించి, రెండు టికెట్లు తీసుకొచ్చాడు.

వాళ్ళ ఇల్లున్న చోట ఇప్పుడు గడ్డి, కొబ్బరి మొక్కలు. ఊరంతా ఎత్తుకు జరిగింది. ఆ రోజుల్లో పక్కింట్లో ఉండే గవరమ్మ వాళ్ళని కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టింది. నెహెమ్యా మంచినీళ్ళు తేవడానికి బయటికెళ్ళినప్పుడు ఆమె అబిగేలు గురించి చెప్పసాగింది. పాట ఎత్తుకుంటే శ్రుతి ఎటో పోయేదట, అయినా ముందు వరసలోనే నిలబడేదట. కప్పలంటే చచ్చేంత భయమట. వాన పడితే మంచం మీంచి కాలు కింద పెట్టేది కాదట. గవరమ్మ నవ్వుతూ చెప్తోంది. పుష్పవతీ నవ్వింది. ఆ నవ్వులోనే, ఇది ఎంత బాగుంది, ఎక్కడైనా చెప్పాలి అని తన బుద్ధి అటు పోవడం గమనించి తల దించుకుంది. ఇంకేమీ అడగలేదు.

తిరుగు ఓడ మధ్యాహ్నం బయల్దేరింది. డెక్ మీద నీడ చూసుకుని ఇద్దరూ ఇనుప బెంచీ మీద కూర్చున్నారు. తీరం పచ్చగా, పల్చగా వెనక్కి పోతోంది. నెహెమ్యా చాలాసేపు అటే చూస్తున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మా అమ్మ ఒకసారి..." అని మొదలుపెట్టాడు.

పుష్పవతి చప్పున అతని వైపు తిరిగింది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దుకాణంలో ఒక వస్తువు చేతిలోకి తీసుకుని, చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేసే మనిషిలా ఉన్నాడు.

"చాయ్ తాగుతావా?" అన్నాడు.

"తాగుతాను" అంది.

అతను క్యాంటీన్ వైపు నడిచాడు. గాలికి ఎగురుతున్న కొంగు బిగించుకుని, పుష్పవతి అతని వెనకే వెళ్ళింది.