ముందు కాగితం, తర్వాత ముహూర్తం

నాకు కోపం ఎక్కువని మా రిజిస్ట్రారాఫీసు ముందున్న టీకొట్టు నుంచి జిరాక్సు షాపు దాకా అందరూ అంటారు. అననివ్వండి. ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్న ఆడదానికి ఆ మాత్రం కోపం లేకపోతే, ఈపాటికి నా బల్లను కూడా ఎవడో ఒకడు తన పేర రాయించుకుపోయేవాడు. మా నాన్న ఇదే చోట చెక్కబల్ల వేసుకుని కలంతో రాసేవాడు. ఆయన పోయాక ఆ బల్ల మీద నేను కంప్యూటరు పెట్టాను, అంతే తేడా. వేలిముద్ర వేసేముందు అందులో ఏం రాసుందో వినండయ్యా అని ఆయనా మొత్తుకున్నాడు, నేనూ మొత్తుకుంటున్నాను. వినేవాళ్ళు నూటికి ఒక్కరు. మంజుల ఆ ఒక్కరు.

మంజులది పెదకూరపాడు పక్కన ఒక చిన్న ఊరు. మొగుడు తిరుపతిరావు క్వారీ లారీ నడిపేవాడు. నాలుగేళ్ళ కిందట లారీ బోల్తాపడి పోయాడు. ఆయన వదిలిపోయింది రెండెకరాల పాతిక సెంట్ల మిరపచేను, సుష్మిత అనే కూతురు, లక్ష్మమ్మ అనే తల్లి. ఈ నాలుగేళ్ళూ మంజులే ఆ చేను చేసింది, ఆ ఇద్దరికీ అన్నం పెట్టింది. అమరావతి రోడ్డు పుణ్యమా అని ఈమధ్య ఆ వైపు భూములకు రెక్కలొచ్చాయి. దాంతో ఇన్నాళ్ళూ పలకరించనివాళ్ళకు కూడా ఆ చేను మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పుష్యమాసంలో ఒకరోజు పొద్దున్నే వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. మాఘంలో పెళ్ళి చేసుకుంటున్నాననీ, కాగితం రాయాలనీ చెప్పింది. శుభలేఖలు ప్రెస్సులో కొడతారు, ఇక్కడ కాదు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు నేను కళ్ళజోడు సర్దుకుని విన్నాను.

పెళ్ళికొడుకు కోటి. ముప్పాళ్ళ ఊరివాడు, జేసీబీ నడుపుతాడు. మంజుల చేలో కాలవ పూడిక తీయడానికి వచ్చి, ఒక్క పూట పనికి మూడు రోజులు తిరిగాడట. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళికాలేదు. మా పల్లెల్లో ఇప్పుడు అట్లాంటి మొగపిల్లలు వీధికి నలుగురున్నారు. మనిషి మంచివాడే. తంటా అంతా వాళ్ళన్న సుబ్బారావుతో. తెల్లచొక్కా, కారు, ప్రతి పంచాయతీలో ముందు కుర్చీ, ఇదీ ఆయన వాలకం. మాటలనుకోవడానికి వచ్చినప్పుడే, పెళ్ళయ్యాక చేను కోటి పేరు మీదకు మార్చాలన్నాడట. పిల్లను మేం చూసుకోమా, మనలో మనకు కాగితాలేంది అన్నాడట. మావైపు అంతే. ఎకరాలకు ఎకరాలు నోటిమాట మీద ఇచ్చేస్తారు, తర్వాత ఇరవై ఏళ్ళు గుంటూరు కోర్టు మెట్లెక్కుతారు. కాగితం అడిగితే మాత్రం పెద్దమనుషులకు తల తీసేసినట్టుంటుంది.

మంజుల పెద్దమనుషులందరి ముందూ చెప్పిందట, ముందు కాగితం, తర్వాత ముహూర్తం అని. ఆ మాటకు తాంబూలాలు ఆగిపోయాయి.

"ఆయనంటే నాకిష్టం పిన్నీ, అబద్ధమెందుకు చెప్పాల. ఆ చేను నా బిడ్డకు అన్నం. రెంట్లో ఏదీ వదల్ను, ఎట్టా రాస్తావో రాయి," అంది నాతో.

ఆ మాటకు నాకు ఆ పిల్ల మీద ముచ్చటేసింది. ఇష్టమని చెప్పడానికి సిగ్గుపడలేదు, చేను కావాలని చెప్పడానికీ సిగ్గుపడలేదు. మారుమనువు చేసుకుంటే మొదటి మొగుడి ఆస్తి పోతుందంట గదా అని మాత్రం కాస్త భయంగా అడిగింది. ఎవరన్నారే అని కేకలేశాను. ఒకసారి నీకు సంక్రమించిన వాటా నీదే, రేపు నువ్వెవర్ని చేసుకున్నా నీదే, ఆ కూతలు కూసినవాణ్ణి నా దగ్గరకు పంపు అన్నాను.

తర్వాత అసలు సంగతి విడమరిచి చెప్పాను. మొగుడు వీలునామా రాయకుండా పోయాడు కాబట్టి ఆ చేను మూడు వాటాలు. పెళ్ళానికి ఒకటి, కూతురికి ఒకటి, తల్లికి ఒకటి. రేపు మంజుల ఏమీ రాయకుండా కన్నుమూస్తే ఆమె వాటాలో కొత్త మొగుడికీ భాగం వెళ్తుంది. అందుకని పెళ్ళికి ముందే ఆ వాటాను సుష్మితకు ఇచ్చేస్తూ సెటిల్‌మెంటు రాసి రిజిస్టరు చేయించాలి, బతికున్నంతకాలం పంట మంజుల తినేట్టు. దాంతోపాటు ఆ చేను మీద నాకే హక్కూ లేదని కోటి చేత పెళ్ళి ఒప్పందం మీద సంతకం పెట్టించాలి. పెళ్ళి ఒప్పందాలు కోర్టులో ఎంత నిలుస్తాయో వకీళ్ళు వకీళ్ళు తేల్చుకుంటారు. సెటిల్‌మెంటు మాత్రం నిలుస్తుంది. అయినా మొగవాడు పదిమందిలో సంతకం పెట్టాక నోరు లేవడం కష్టం.

మరి మీ అత్త వాటా సంగతేంటి అన్నాను. అంతవరకూ గడగడా మాట్లాడిన పిల్ల నా బల్ల అంచును గోటితో గీకింది.

"అత్తనేం అడగను పిన్నీ? కొడుకు పోయిన మనిషి. నేను ఇంకొకణ్ణి చేసుకుంటా, నీ వాటా కూడా రాసియ్యమని ఏ మొహం పెట్టుకుని అడగాల?"

అడక్కపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మూడో వాటా బయటివాడెవడైనా కొన్నాడంటే బోరు దగ్గర వాడుంటాడు, గట్టు మీద వాడుంటాడు. రోజూ తగువే. రెండేళ్ళు తిరిగేసరికి మిగతాది కూడా విసుగెత్తి వాడికే అమ్ముకోవాల్సి వస్తుంది. నేను ఎంత చెప్పినా మంజుల వినలేదు. రిజిస్ట్రేషనుకు రోజు కుదుర్చుకుని, ఒప్పందంలో ఏమేం ఉండాలో చెప్పి రాయించుకుని వెళ్ళిపోయింది.

ఆ రిజిస్ట్రేషనుకు సరిగ్గా రెండు రోజుల ముందు పక్కబల్ల ఐజాజ్ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు. వాడూ దస్తావేజు లేఖరే, నా కళ్ళముందు పని నేర్చినవాడు. సుబ్బారావు తనచేత ఒక అమ్మకం దస్తావేజు రాయిస్తున్నాడనీ, అమ్మేది లక్ష్మమ్మ, కొనేది సుబ్బారావు అనీ, అదే రోజుకు టైము తీసుకున్నాడనీ చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దమనిషి వారం రోజులుగా, మంజుల చేలో ఉన్న వేళ చూసుకుని, బత్తాయిలు పట్టుకుని ముసలామె దగ్గరకు తిరుగుతున్నాడట. కోడలు ఇంకొకణ్ణి కట్టుకుంటుంటే కొడుకును పోగొట్టుకున్న తల్లి కడుపు ఎంత మండుతుందో, ఆ మంట మీద తన కుండ ఉడుకుతుందని ఆయన లెక్క. మా పల్నాడులో అత్తాకోడళ్ళంటే పగే అని మొగవాళ్ళకు ఒక గట్టి నమ్మకం.

నేను వెంటనే మంజులకు ఫోను చేశాను. అత్త వాటా ఆమె ఇష్టం పిన్నీ, మన కాగితం మనం చేసుకుందాం అంది. ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

ఆ రోజు పదిన్నరకు సుబ్బారావు కారు గేటు ముందు ఆగింది. ఆయనే దిగి వెనక తలుపు తీసి, మోకాళ్ళు పనిచేయని లక్ష్మమ్మను కన్నతల్లిని దించినట్టు చేతులు పట్టి దించాడు. చంకలో ఫైలు. అందులో ముసలామె ఆధారు, ఈసీ, ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్టు, పాసుపుస్తకం నకలు, ఏ ఒక్కటీ తక్కువ లేదు. ఇద్దరు సాక్షులను కూడా వెంటబెట్టుకొచ్చాడు. నా బల్ల దగ్గర మంజుల, కోటి నిలబడి చూస్తున్నారు. లక్ష్మమ్మ మావైపు తల తిప్పలేదు. మంజుల మొహంలో నెత్తురు చుక్క లేదు. కోటి అన్నను చూసి తల దించుకున్నాడు.

ఐజాజ్ పాపం నమ్మకస్తుడు, దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించాడు. సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు, బోరులో వాటా. లక్ష్మమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆఖరు దాకా విన్నది. వేలిముద్రకు ఐజాజ్ ఇంకుపెట్టె జరిపాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"హద్దులు బానే రాశావు నాయనా. ఇప్పుడు ఆ సుబ్బారావు పేరు తీసేసి, అక్కడ నా మనవరాలి పేరు రాయి. అమ్మకం అని తీసేసి, ఇచ్చేశానని రాయి."

సుబ్బారావుకు మొదట అర్థం కాలేదు. అమ్మా, మనం అనుకుంది వేరు గదా అన్నాడు నవ్వుతూనే.

"నువ్వనుకున్నావు అబ్బాయ్, నేననుకోలా. అమ్ముతానని ఒక్కనాడన్నా నా నోటెంట వచ్చిందా? నీ డబ్బు నేను ముట్టుకోలా. ఆఫీసుకు తీసకపోతానన్నావు, వస్తానన్నా. మోకాళ్ళు పోయినదాన్ని, బస్సెక్కలేను. కాగితాలన్నీ నువ్వే తెచ్చిపెట్టావు, నీ కడుపు చల్లగుండ."

టీకొట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నేను మాత్రం కిసుక్కుమనలేదు, పగలబడి నవ్వాను. నలభై మంది తిరిగి చూశారు. ఇల్లలకగానే పండగనుకున్నాడు పెద్దమనిషి. సుబ్బారావు మొహం మాడిపోయింది. కొడుకు పోయి ఐదేళ్ళు కాలేదు, కోడలు ఇంకొకడితో పోతుంటే ఆస్తి కూడా కట్టబెడతావా, నీకు సిగ్గులేదా అని గొంతు పెంచాడు.

లక్ష్మమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"ముప్పై ఏళ్ళకు నా మొగుడు పోయాడు. మళ్ళీ చేసుకోవే అని ఒక్కరూ అనలా. మీ అయ్యలాంటోళ్ళే కూర్చుని, గడప దాటితే గుంట భూమి దక్కదని చెప్పారు. నోరు మూసుకుని చానా ఏడ్చా. నా కోడలు ఏడవదు. పో, అవతలికి పో."

మంజుల అప్పటికే ఏడుస్తోంది, కానీ అది వేరే ఏడుపు. నాకూ కళ్ళు మసకేశాయి. ఆ మసకలోనే ఐజాజును పక్కకు నెట్టి, సుష్మిత పేర లక్ష్మమ్మ సెటిల్‌మెంటును నేనే గంటలో కొట్టేశాను. ముప్పై ఏళ్ళలో అంత వేగంగా ఏదీ రాయలేదు.

లోపల మరో గండం. లక్ష్మమ్మ బొటనవేలు మెషీను తీసుకోలేదు. నలభై ఏళ్ళు మిరపకాయలు కోసిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. మూడుసార్లు ఎర్రలైటు వెలిగింది. గుమ్మంలో నిలబడ్డ సుబ్బారావు మొహంలో మళ్ళీ కళ వచ్చింది. నాలుగోసారి ఆపరేటరు చూపుడువేలు పెట్టమన్నాడు. మంజుల తన కొంగుతో ఆ వేలు తుడిచి మెషీను మీద పెట్టి నొక్కిపట్టింది. పచ్చలైటు వెలిగింది. ఆ వెంటనే మంజుల సెటిల్‌మెంటు కూడా అయిపోయింది. చేను మొత్తం, బోరుతో సహా, సుష్మితదైపోయింది.

ఇక మిగిలింది కోటి సంతకం. దానికి మళ్ళీ నా బల్ల దగ్గరకొచ్చాం. సుబ్బారావు ఆఖరి ప్రయత్నం అక్కడే చేశాడు. ఆ కాగితం మీద సంతకం పెడితే నా గడప తొక్కొద్దు అని తమ్ముడితో అన్నాడు. కోటి మాటకారి కాదు. కలం తీసుకుని రెండుసార్లు గీసి చూసుకుని అప్పుడు అన్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళకు నాకు పిల్ల దొరికింది అన్నా. ఆ పిల్ల కూతురి చేను కోసం ఆశపడి, పిల్లనే పోగొట్టుకోమంటావా? కూలి చేసుకునే చెయ్యి నాది, చేను నాకెందుకు?"

సుబ్బారావు విసవిసా నడిచి గేటు దగ్గర కారెక్కి కూర్చున్నాడు. సాక్షులుగా తెచ్చిన ఇద్దరూ ఆయన వెంట పోలేదు. తెచ్చినందుకు ఏదో ఒకదానికి సంతకం పెడతామని నా బల్ల దగ్గరే నిలబడ్డారు.

సంతకాలకు ముందు ఒప్పందం పైకి చదివాను. మొదటి షరతు, చేను మీద వరుడికి ఏ హక్కూ లేదు. రెండోది, సుష్మిత చదువుకు ఎవరూ అడ్డురాకూడదు. లక్ష్మమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని తల ఊపుతూ వింటోంది. నేను మూడోది చదివాను.

"వధువు అత్తగారైన లక్ష్మమ్మ గారు తన జీవితాంతం ఈ దంపతుల ఇంట్లోనే, ఇంటి పెద్దగా ఉండవలెను. ఇందుకు వరుడు కోటేశ్వరరావు మనస్ఫూర్తిగా సమ్మతించడమైనది."

లక్ష్మమ్మ కళ్ళు తెరిచింది. "ఏమే, ఇదెప్పుడు రాయించావే?" అంది కోడలితో.

మొదటిరోజే రాయించిందని నేను చెప్పాను. నువ్వు సుబ్బారావుకు అమ్మేస్తున్నావని తెలిసిన రోజు, ఈ ముక్క తీసేయనా అని నేనే ఫోనులో అడిగాననీ, వద్దే వద్దందనీ చెప్పాను. ముసలామె కుర్చీలో ముందుకు జరిగి కోడల్ని గట్టిగా నిలదీసింది.

"నన్నడక్కుండా ఎట్టా రాయిస్తావే?"

"నువ్వు నన్నడిగి రాయించావా అత్తా?" అంది మంజుల.

లక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగి, ఆ ముక్క సరిగ్గా వినబడలేదు, ఇంకోసారి చదువమ్మాయ్ అంది. చదివాను. గేటు దగ్గర కారులో కూర్చున్నవాడికి కూడా వినబడేట్టు చదివాను.