ఆవిరికి ముందు

ఆమెకు మనసు లేదన్నది మీరే! మనుషులంటే పట్టదని, పలకరిస్తే పలకదని నోటికొచ్చినట్టు అని, గేటు బయటకు గెంటింది మీరే. ఆ చేతుల కేసి ఒక్కరైనా చూశారా?

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. మడతల బల్ల దగ్గర, అందరూ అక్కా అని పిలిచే ఆవిడ దుప్పటి కొసలు కలిపి విదిలిస్తోంది. ఎదురుగా ఆవిరి ప్రెస్సు దగ్గర టకటక. ఎగతాళికి పెట్టిన పేరు. పెడల్ తొక్కే ముందు ప్రతిసారీ వేలి కణుపులతో ఇనుప రేకు మీద టక్ టక్‌మని కొడుతుంది. ఆ తరువాతే ఆవిరి బుస్సుమంటుంది. చూపు మాత్రం గుడ్డ మీద నుంచి లేవదు.

"ఏమే, ఇవాళ ఎండ చంపుతోంది కదూ?" అంది అక్క.

"ఈ దుప్పట్లో నూలు తక్కువక్కా. అంచు దగ్గర గరుకు."

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి! నీకంటే బకెట్‌తో మాట్లాడటం నయం."

"బకెట్ మాట్లాడదు."

అక్క పగలబడి నవ్వింది. నవ్వు అడుగున ఒక ముల్లు ఉంది. నిరుడు గొట్టం పగిలి ఆవిరి కొట్టి అక్క ముంజేయి కాలిపోయింది. అందరూ పళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వచ్చారు. ఎదురుగా నిలబడి పనిచేసే ఈవిడ మాత్రం తొంగి చూడలేదు.

టీ వేళకు సూపర్‌వైజర్ వచ్చాడు. "ఆ డప్పు వాయింపు మానమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? అందరి చెవులూ తూట్లు పడుతున్నాయి. ఇంక చాలు, ఇప్పుడే వెళ్ళు. రేపట్నుంచి రావద్దు."

టకటక తలాడించి, సంచి భుజాన వేసుకుని నడిచింది. ప్రెస్సు దగ్గరికి మరొకడు వచ్చి పెడల్ తొక్కాడు.

బుస్స్!

అక్క చేతిలోని దుప్పటి జారిపోయింది. కాలిన ముంజేతిని పొట్టకు అదుముకుని గోడకు అతుక్కుపోయింది.

"ఏంటక్కా, పామును చూశావా?" అని నవ్వాడతను.

పామే. రోజంతా బుస కొట్టే పామే. మరి ఇన్నాళ్ళూ భయం వేయలేదెందుకు? టక్ టక్ వినగానే ఒళ్ళు సిద్ధమైపోయేది. ఆ చప్పుడు మొదలైంది తాను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజునే!

పరుగున వెళ్ళి గేటు దగ్గర అందుకుంది. "ఎందుకే అలా కొడతావు?"

"ఆవిరి వస్తోందని చెప్పడానికి. నువ్వు ఉలిక్కిపడతావుగా." గేటు ఊచలకు చెప్పింది టకటక.

"మరి ఆస్పత్రికి రాలేదేం?"

"అక్కడికొచ్చి ఏం చెయ్యాలో తెలీదక్కా. ఇక్కడైతే తెలుసు."

అక్క కావలించుకోబోయి ఆగింది. ముట్టుకుంటే ఆమెకు పడదు. పక్కన నిలబడి, తనూ ఊచల కేసే చూస్తూ, "చల్లగా ఉండవే తల్లీ," అంది.

టకటక సంచిలోంచి, చప్పుడు వినబడకుండా చెవులకు తగిలించుకునే నల్లటి డొప్పలు తీసి ఇచ్చింది. "రేపట్నుంచి నీకెవరూ చెప్పరు. ఇవి పెట్టుకో." రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

అక్క నేరుగా సూపర్‌వైజర్ ముందుకెళ్ళింది. "ఆవిడ కొట్టేది ఆవిరి వస్తోందని నాకు చెప్పడానికి. రేపు పొద్దున ఆవిడ ఆ ప్రెస్సు దగ్గర ఉండాలి. మీరే వెళ్ళి పిలుచుకురండి. అంతవరకూ ఈ చేత్తో ఒక్క దుప్పటీ మడవను."

"చప్పుడే కదా నీ బాధ? చేతిలో ఉన్న ఆ డొప్పలు తగిలించుకోవమ్మా!"

"తగిలించుకోను."

పిలవండి ఆమెను. రేపు కాదు, ఇప్పుడే. మడవని దుప్పట్ల గుట్ట మీద ఆ డొప్పలు ఎవరి చెవికీ ఎక్కకుండా పడి ఉన్నాయి.